ఐదు కీళ్ళు

మా బాపు రాజలింగు పోసిన వీరులకు
ఐదే కీళ్ళు.
మెడకొకటి, భుజాలకు రెండు, తొడలకు రెండు.
మోకాలు వంగదు, మోచెయ్యి వంగదు.
"వంగేటోడు వీరుడెట్లయితడే" అనేటోడు
గిర్మాజీపేట రేకుల షెడ్డుల
చేతిమిషను హ్యాండిలు మీద
ఒంటి బరువంతా ఏసి వంగుకుంట.

నేను కండ్లు దిద్దేదాన్ని.
బడికి పోయే ముందు యాభై జతలు, వచ్చినంక యాభై.
మూడు వెంట్రుకల కుంచె, ఊపిరి బిగబట్టుడు,
పిడుగన్న మొఖాన రెండు నల్లచుక్కలు.
ఎడమ కన్ను ఎప్పుడూ జెర్ర పైకే పోయేది.
అది నా తప్పు.
ముప్పై ఆరేండ్లకు గిప్పుడు
ఆ తప్పునే పైసలిచ్చి అడుగుతున్నరు.

మొన్న కాజీపేట నుంచి గూడ్సు గార్డు సాంబమూర్తి వచ్చిండు.
తల సగం నెరిసింది, చేతుల టిఫిను డబ్బా.
"అదే ఎర్ర లాగు, అదే పసుపు బెల్టు గావాలె.
నడుము పక్కన అచ్చు అతికిన గీత గూడ తియ్యొద్దు.
లెక్కల సారు కొట్టిన దినాలల్ల
దాన్ని గోరుతోని గీక్కుంట పండుకునేటోణ్ణి."

గీ నడుమల మా తమ్ముని బిడ్డ సుదీక్ష
నోటుబుక్కు ఎనుక అట్టమీద ఒక మనిషిని గీసింది.
నెత్తిమీద హెల్మెట్టు, నడుముకు తాడు,
పిడికిట్ల కటింగ్ ప్లయరు,
చెవి ఎనుక తనకున్నసొంటి వినికిడి మిషను.
గాలివానల తెగిన తీగెలను
ఒట్టి చేతులతోని ముడేస్తదట.
పేరు త్రీఫేజక్క.

బాపు చానాసేపు చూసిండు.
"కొత్త అచ్చుకు రెండు లక్షలు. యాడికెల్లి తేవాలె?"
మల్ల ఆయనే లేచి
పిడుగన్న కాళ్ళ అచ్చు, చేతుల అచ్చు తుడిచిండు.
తల, రొమ్ము మటుకు కొత్తయి చెక్కిండు,
చెయ్యి వణికినప్పుడల్లా ఆగి, చాయ తాగి.

నిలబెడితే పడ్డది.
హెల్మెట్టు బరువుకు ముందుకు, ముక్కు మీద.
పక్కన పిడుగన్నను నిలబెడితే ఆయనా పడ్డడు,
ఎనక్కి.
ఎనకటి పల్చటి శాటిను దొరుకుతలేదు,
భుజాల గుడ్డ మందమై గుంజుతున్నది.
ఆ రాత్రి షెడ్డుల
టక్కున ఒకరు ఇటు, టక్కున ఒకరు అటు.

త్రీఫేజక్క కాళ్ళల్ల సైకిలు హబ్బు గోలీలు ఏసినం.
మూడేస్తే రాయి లెక్క కదలకపాయె. రెండు సరిపోయినయి.
పిడుగన్న గుడ్డ రెండు వేళ్ళ మందం కత్తిరించినం.

గార్డుకు కోపమొచ్చింది.
"మడిమెల దాక ఉండేది!
నా కండ్లతోని చూసిన."
బాపు అద్దాలు తుడుసుకున్నడు.
"నడుము కిందికి ఎన్నడూ లేదు బిడ్డా.
నువ్వప్పుడు నేలమీద పండుకోని చూసినవ్."

సాంబమూర్తి ఏమనలే.
త్రీఫేజక్కను చేతుల్లకు తీసుకోని
ఎట్లనో తెల్వకనే
నడుము పక్కన గోరు పెట్టిండు.
"ఇది గూడ పాతదేనా?"
"కాళ్ళు పాతయి. నడక కొత్తది," అన్నది సుదీక్ష,
ఇంక నడువని బొమ్మ గురించి.

నాకిప్పుడు కంటి ఆపరేషనయింది.
పిడుగన్న ఎడమ కన్ను పైకి దిద్దాలని
ఎంత కావాలని జేసినా తప్పు పడుతలేదు.
చుక్కలు రెండూ నీటుగ, బ్యాంకు సంతకం లెక్క.
ఏడు తలలు ఖరాబైనయి.

త్రీఫేజక్కకు మటుకు
సక్కగనే దిద్దుదామని కూసున్న.
కుంచె దానంతట అదే పైకి పోయింది.
థిన్నరు సీసా అందుకుంటుంటే
సుదీక్ష నా చెయ్యి పట్టుకున్నది.

"ఉండనియ్ అత్తా.
తీగె దిక్కు చూస్తున్నది."