దిగడం

మంగళవారం పొద్దున్నే మూడు యంత్రాలు దించారు
కొండవాలు శ్మశానం గేటు ముందు.
రాత్రంతా కురిసింది. వేల్స్‌లో ఇది వార్త కాదు.
గడ్డి పిక్కల దాకా పెరిగి, తడిసి,
ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

ఒకటి నారింజ రంగుది. స్టీరింగు లేదు, రెండు కర్రలంతే.
ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది.
ఒకటి ఆకుపచ్చది. కోసిన గడ్డి తనే మింగి
కడుపు నిండాక వెనక్కి వొంగి కక్కుతుంది.
మూడోది ఎర్రది, పాత నమూనా. కోత పళ్లెం ముందుంది,
ఆవు మేతకి మూతి చాచినట్టు.

లయనెల్ బూట్లకి ఇంకా బురద అంటలేదు.
గంటకి ఎన్ని ఎకరాలో చెప్పాడు. ఎన్ని గుర్రాల బలమో చెప్పాడు.
నెలకి ఎంత కట్టాలో మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.
నెరిస్ అన్నీ కాగితం మీద రాసుకుంది.
కౌన్సిల్ డబ్బు తనది కాదు గనక
సొంత డబ్బుకన్నా భయంగా పట్టుకుంటుంది.
ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమేమిటి అంటూనే
టైర్ల దగ్గర అరగంట బేరమాడింది.

నా ప్రశ్నలు నావి. షెడ్డులో మరమ్మతులు చూసేదాన్ని.
బెల్టు మార్చాలంటే ఎన్ని బోల్టులు విప్పాలి?
గ్రీజు పెట్టే చోటు చేతికందుతుందా,
బోర్లా పడుకుని దేవులాడాలా?
ఆగస్టులో బ్లేడు విరిగితే ఎన్నాళ్లకి తెప్పిస్తావు?
అతను నవ్వాడు.
ఆ నవ్వుని 'మూడు వారాలు' అని రాసుకున్నాను.

తర్వాత కొలత. ఆకుపచ్చదాని పళ్లెం ఐదడుగులు.
ఇక్కడ సమాధికీ సమాధికీ మధ్య
నాలుగడుగులకి బెత్తెడు తక్కువ.
బొగ్గుగని మనుషులు. లోపల పనిచేసినప్పటిలాగే
భుజానికి భుజం ఆనించి పడుకున్నారు.
టేపు చుట్టేశాం.

పై గట్టు దగ్గర ఎవరూ మాట్లాడలేదు.
పదిహేను డిగ్రీల వాలు దాకా పరవాలేదని పుస్తకంలో ఉంది.
వాలు పుస్తకం చదవదు. తడి అసలే చదవదు.
రెండేళ్ల కిందట మార్చిలో గ్లిన్ ఇక్కడే జారాడు,
యంత్రంతో సహా, కింది గోడ దాకా.
కొమ్మలు తగులుతున్నాయని ఆ రోజు
తల మీది రక్షణ కమ్మీ మడిచి పెట్టాడు.
ఇప్పుడు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతాడు,
కింది రెండు అరలు తప్ప.
లయనెల్ నారింజదాన్ని అటు తోలబోతే
నెరిస్ తాళంచెవి కోసం చెయ్యి చాపింది.
"గట్టు చేతిమిషనుకే," అంది.

ఎమ్రిస్ ఇంతసేపూ ఏమీ అనలేదు.
ఇరవయ్యారేళ్ల కుదుపులకి వెన్నుపూసలు అరిగి
అంగుళం పొట్టి అయ్యాడు.
ఎర్రదాన్ని ఎక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు. దిగాడు.
ఇంజను వెయ్యలేదు.
"ఏం చూస్తున్నారు?" అన్నాడు లయనెల్.
"దిగడం."

పసిపిల్లల వరసలో ప్లాస్టిక్ గాలిచక్రాలుంటాయి,
చిన్న చిన్న దీపాలు, వాన తాగి బరువెక్కిన ఎలుగుబంటి బొమ్మలు.
ప్రతిదాన్నీ దిగి తీయాలి, పక్కన పెట్టాలి, కోయాలి,
మళ్లీ దిగి, మొహం ఎటుండేదో అటే తిప్పి పెట్టాలి.
రోజుకి ఎనభైసార్లు.
ఒకసారి ఒక బొమ్మని తిరగేసి పెట్టాడట.
ఆ తల్లి ఏమీ అనలేదట. సరిచేసుకుని వెళ్లిపోయిందట.
ఎప్పటి సంగతో అది. ఇప్పటికీ చెబుతాడు.

ఎర్రదానికి మెట్టు కిందికుంది. పట్టుకోడానికి పిడి ఉంది.
పళ్లెం మూడున్నర అడుగులు.
వేగం తక్కువ, సీటు గట్టిది, టీ కప్పు పెట్టే చోటు లేదు.
నెరిస్ గళ్ల కాగితంలో మార్కులన్నీ కూడితే ఆఖరిది.
ఆమె కాగితాన్ని నాలుగు మడతలేసి జేబులో పెట్టుకుని
సీటు మార్చడానికి ఎంతవుతుందని అడిగింది.

పదకొండింటికి తెరిపిచ్చింది.
ఎమ్రిస్ ఒక చాలు కోసి ఆగాడు. దిగాడు.
ఒక గాలిచక్రం పైకి తీశాడు.
అది అతని చేతిలో తిరగడం మొదలుపెట్టింది.
నేను వంగి బెల్టు మూత చూశాను.
నాలుగు బోల్టులు.
పరవాలేదు.