మూడు పళ్ళ గొర్రు

బైరెడ్డిపల్లె బడిలో కంటి శిబిరం.
ఆరో తరగతి గోడకు మేకు కొట్టి
ఆ పటం తగిలించింది నేనే.
పటం నిండా ఒకటే అక్షరం, E.
పైన బెత్తెడు, దిగేకొద్దీ గోరంత, చీమంత.
కుడికి తిరిగింది ఒకటి, ఎడమకు ఒకటి,
వెల్లకిలా పడుకున్నది, బోర్లా పడ్డది.

చదువు రానివాళ్ళ కోసం చేసిన పటం.
అక్షరాన్ని అక్షరం కాకుండా చేస్తే గానీ
కన్ను ఎంత చూస్తోందో తెలియదట.

ఆరు మీటర్ల దూరాన సుద్దగీత.
గీత మీద మొగిలమ్మ,
ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం.
"అవ్వా, ఈ దువ్వెన పళ్ళు ఎటున్నాయో
చేత్తో చూపించు."
"దువ్వెనేంది నాయనా, గొర్రు అది.
మూడు పళ్ళ గొర్రు. శెనక్కాయ ఇత్తేది.
జడ్డిగంలో గింజలు పోసింది నేనే, నలభై ఏండ్లు."

నాకు దాన్ని నేర్పింది ఎబినేజరు సారు.
పెద్దదైతే గీతలు. చిన్నదైతే
చుట్టుకోబోయి ఆగిపోయిన రోకలిబండ.
మాట చివర్న కూర్చుంటే నోరు విప్పదు,
ముందున్న అచ్చు గొంతు మాత్రం మార్చేస్తుంది అన్నాడు.
మా జేజి అట్లే గడప దగ్గర ఊరికే కూర్చునేది,
లోపల మా నాయన గొంతు తగ్గేది.
నా మోపెడ్ మీద ముల్లు దాన్ని తాకితే
పెట్రోలు లేదని అర్థం.
మొన్న మొగిలి ఘాటులో తాకింది.
తోసుకుంటూ వచ్చాను.

దాని పేరు ఈ.
మనకు ఈ అంటే దగ్గరున్నది.
ఈ చెట్టు, ఈ పూట, ఈ మనిషి.
అంత దూరాన నిలబెట్టి అడుగుతున్నది దాన్నే.

మొగిలమ్మ చెయ్యి తిరుగుతోంది.
"ఇది ఇంటికి పోతా ఉండాది.
ఇది చేన్లోకి.
ఇది వాన రాలేదని తిరగేసి పెట్టిండేది.
ఇదో, ఇది దిగింది చూడు నేల్లోకి."
నాలుగు వరుసలు తప్పలేదు.
ఐదో వరుస దగ్గర మొహం చిట్లించింది.
"ఇంత చిన్న గొర్రుతో ఏం ఇత్తుతారబ్బా,
ఆవాలా?"

కుడి కన్ను, ఆరు బై పద్దెనిమిది. రాసుకున్నాను.
చెయ్యి మార్పించాను.
అన్నిటికంటే పైది, బెత్తెడుది, చూపించాను.
చాలాసేపు చూసింది.
"చేను ఉండాది" అంది.
"తెల్లగా మంచు పడిండాది.
గొర్రు కనపడలే."

చిత్తూరు ఆసుపత్రికి రాసిన కాయితం మీద
వేలిముద్ర అడిగితే పెన్ను ఇమ్మంది.
ముందు అడ్డంగా ఒక గీత,
దాని కింద వంకరగా మూడు, పళ్ళు నేలవైపు.
"ఇట్ల తిప్పితేనే గదా సాలు పడేది."

సాయంత్రం డాక్టరు కాయితాలు తిరగేస్తూ ఆగాడు.
సంతకమా ఇది?
అవునన్నాను.
ఈమె పేరులో ఆ అక్షరమే లేదే అన్నాడు.
లేదు.
స్టాంపు దాని పక్కనే వేశాను, మీద పడకుండా.