ఆరో చిల్లు

కొత్త తుపాకీ పెట్టెలో, నూనె కాగితం కింద
ఒక అట్టముక్క ఉంటుంది.
ఫ్యాక్టరీ వాళ్లు కొట్టి చూసిన ఐదు గుండ్లు, ఒకటే చిల్లు,
మినపగింజ పెడితే మూసుకుపోయేంత.
దాన్ని నమ్మి ముప్ఫయ్యేళ్లు డేగ మార్కుకి జై కొట్టాను.
మా నాన్న బీడీ మార్కు మార్చలేదు,
మా అమ్మ సబ్బు మార్చలేదు.
మాది అలాంటి వంశం.

అట్టముక్క చెప్పనిది ఒకటుంది.
ఆ తుపాకీని పట్టుకున్నది ఇనప బిగింపు.
దానికి గుండె కొట్టుకోదు,
పక్క వరసలో ఎవరి స్కోరెంతో వినపడదు,
పొద్దున్న తిన్న ఉప్మా గొంతులోకి రాదు.

నెల్లిమర్ల జూట్ మిల్లులో ఫిట్టర్ని.
మిల్లు మూసినప్పుడల్లా గాలి తుపాకులు బాగుచేశాను.
ఇప్పుడు జిల్లా పోటీలకి నేనే తనిఖీ, నేనే లెక్క.
విజయనగరం కంటోన్మెంటు వెనక రేకుల షెడ్డు,
గుండ్లు ఆగడానికి చంపావతి ఇసక నింపిన గోనెలు,
మా మిల్లువే, పిగిలిపోయి.
ఫ్యాక్టరీ తరగతికి ఒక్కటే షరతు:
పెట్టెలోంచి ఎలా వచ్చిందో అలాగే రావాలి.
స్ప్రింగు కొయ్యకూడదు, పన్ను అరగదీయకూడదు.
మరలు విప్పి చూస్తాను.
ఎక్కడ చూడాలో నాకు తెలుసు.

ఎలా తెలుసో ఎవరూ అడగరు.
బొబ్బిలి పోటీల్లో, అప్పట్లో,
నక్షత్రం మార్కు వాళ్ల ముందు మా డేగ తల దించకూడదని
ట్రిగ్గరు పన్ను మీద ఆకురాయి ఆనించాను.
మూడు రాపిళ్లు. వెంట్రుక మందం.
కప్పు మా ఇంట్లోనే ఉంది.
మా ఆవిడ అందులో చిల్లర వేస్తుంది.

నిన్న మూడో వరసలో కర్రోతు యామిని,
గజపతినగరం పిల్ల, పదిహేడేళ్లు,
కాలేజీ నుంచి ఎరువు తెచ్చుకున్న తుపాకీ.
చెక్క మీద నాలుగు పేర్లు చెక్కి ఉన్నాయి,
ఒక్కటీ ఆమెది కాదు.
ఆఖరి కాగితం నా బల్ల మీదికి వచ్చింది.
ఐదు గుండ్ల కాగితానికి ఆరు చిల్లులు.
పక్క వరస చందక వారి కుర్రాడి కాగితానికి నాలుగు.
వాడు బూటు లేసు కట్టుకుంటున్నాడు,
చాలాసేపట్నించీ.

నిబంధన ఆ పిల్ల పక్షమే.
ఎవరిదో తేలకపోతే ఎక్కువ విలువ ఆమెకే.
నడిమి చుక్కని పొడిచింది పది,
ఎడమకి జారింది ఏడు.
పెన్ను తీశాను.

"ఆ పది నాది కాదు బావూ."
"మరి నీదేది?"
"ఎడం పక్కది. ఒదిలినప్పుడే తెలిసిపోనాది, మోచెయ్యి ఒణికింది."
"పది రాస్తే మొదటి స్థానం నీదే గుంటా."
"తెలుసు."
రేకుల మీద వాన మొదలైంది, గట్టిగా అడగాల్సొచ్చింది.
"మరేటి?"
"మరేటుంది? నాను కొట్టనేదు కదా."

అప్పుడు పెట్టాను భూతద్దం.
ఆ పిల్ల గుండ్లు చదును తలవి,
టిక్కెట్టుకి కండక్టరు కొట్టినట్టు శుభ్రమైన అంచు.
పది ఒక్కటే అంచు చిరిగి, పీచు లేచి ఉంది. ముక్కు గుండు.
చందక వారి కుర్రాడి డబ్బా నిండా అవే.

ముందే చూడొచ్చు. చూడలేదు.
అద్దం కన్నా ముందు పెన్నే ఎందుకు చేతికొచ్చిందంటే,
ఆ ఎరువు తుపాకీ మెడ మీద
అరిగిపోయిన డేగ బొమ్మ ఉంది.

ఏడు రాశాను. సంతకం పెట్టాను.
అభ్యంతరాలకి అరగంట. ఎవరూ రాలేదు.
రెండు పాయింట్ల తేడాతో సాలూరు కుర్రాడు గెలిచాడు,
నక్షత్రం మార్కుతో.
ఆ పిల్ల తుపాకీ తుడిచి, గొట్టంలోకి వెలుతురు చూసి,
ఆఖరి ఆటో అందుకుందామని పరిగెత్తింది.

టీ కొట్టు దగ్గర అప్పుడే తేల్చేశారు,
డేగ పనైపోయిందని, ఇక అంతా నక్షత్రమేనని.
ఎప్పుడూ బల్ల గుద్దేవాణ్ణి.
గ్లాసు అడుగున టీ పొడి చూస్తూ కూర్చున్నాను.

రాత్రి కప్పులో చిల్లర ఒంపాను.
నూట పద్నాలుగు రూపాయలు, ఒక బొత్తాం.
గోనెసంచి మూతి కట్టాను.
బొబ్బిలి బస్సు ఆరింటికి.