నలభై చిల్లుల పళ్ళెం

నెలలో మొదటి ఆదివారానికి ముందు సాయంత్రం
నేను గ్లాసులు కడుగుతాను.
చిటికెన వేలు మాత్రమే దూరే గ్లాసులు.
ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు, పాత వాయిలు చీర ముక్క.
అత్త చేసిన పని, నాకొచ్చింది.
జీతం లేదు, కనక రాజీనామా కూడా లేదు.

అల్యూమినియం పళ్ళేనికి నలభై చిల్లులు.
ఒకప్పుడది మూడుసార్లు నిండి మూడుసార్లు తిరిగేది.
జూట్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు
జుట్టులో నార నూగుతోనే వచ్చి
వెనక బెంచీల్లో కూర్చునేవారు.
ప్రసంగం మధ్య దగ్గులు.
అప్పటి పాస్టరు గారు ఆగి, దగ్గు అయ్యాక
అదే వాక్యం మళ్ళీ మొదట్నుంచి చదివేవారు.
నెల్లిమర్లలో ఆ రోజుల్లో
మిల్లు కూత ముందా గుడి గంట ముందా అంటే
పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

గేటుకి నోటీసు అంటించిన ఏడు
మూడో వరస ఖాళీ అయింది.
ఓబేదు వాళ్ళు విశాఖ, పోర్టు పక్కకి.
తబితమ్మ కొడుకులు చెన్నైకి, సెంట్రింగు పనికి.
మజ్జి ఆసిరయ్య,
బాప్తిస్మం పుచ్చుకున్నా పేరు మార్చుకోనివాడు,
"ఆసిరయ్యా అనే గదేటి ఆయన నన్ను పిలిసినాడు,
ఇంకో పేరెట్టుకుంటే పోల్చుకుంటాడేటి?" అనేవాడు,
అతను ఎక్కడికీ పోలేదు. తన నులక మంచం మీదే
కీర్తన మూడో చరణం వెతుక్కుంటూ
అక్కడే ఆగిపోయాడు.

తక్కినవాళ్ళు వెళ్ళింది దూరమేం కాదు.
రైలు గేటు అవతల రేకుల షెడ్డు.
డ్రమ్ములు, కీబోర్డు, నీలం లైట్లు, స్వస్థత నూనె.
మా కోడలు షారోనుదీ అదే దారి.
"మీ గుళ్ళో అందరూ నిద్దరోతారత్తా" అంది.
కోపం రాలేదు.
నిద్రపోయేవాళ్ళకి చోటుండేది మరి.
రాత్రంతా మగ్గం దగ్గర నిలబడ్డవాడు
దేవుడి ముందు కాకపోతే ఎక్కడ కునుకుతాడు?

ఉగాది ముందు విజయనగరం నుంచి ముగ్గురొచ్చారు.
హాజరు పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పారు.
సగటు పదకొండు.
"రెండు సంఘాల్నీ కలిపేసి, ఈ స్థలం..." అని
మిగతా మాట కాఫీలో ముంచి తాగేశారు.
సీలాసు పాస్టరు గారు నేలవైపు చూశారు.
పాపం కుర్రవాడు. వారమంతా జెరాక్సు షాపు.
ఆదివారం ఆయన ప్రసంగం కాగితం వెనక
ఎవరిదో రేషన్ కార్డు
మసగ్గా కనిపిస్తుంది.

పదకొండు కడిగితే చాలు.
నేను నలభై కడుగుతాను.

పోయిన నెల, చేతులు తడిగా ఉండగా
హెల్మెట్ తియ్యకుండానే ఒక కుర్రాడు, షెడ్డు నుంచి.
"రేపు మాక్కూడా బల్లేనమ్మా. రెండొందల మంది.
ప్లాస్టిక్ కప్పులు సరిపోవట్లేదు.
మీ కాడున్నాయని షారోనక్క సెప్పింది."
ఇరవై తొమ్మిది లెక్కపెట్టి ఇచ్చాను.
"అవో?" అన్నాడు మిగిలినవి చూసి.
"అవి పనిలో ఉన్నాయి" అన్నాను.

సోమవారం తెచ్చిచ్చాడు.
అడుగున ఎర్రటి జిగురు.
మా ఉడకబెట్టిన ద్రాక్ష కాదు, సీసాలో తీపి.
ఒకదాని అంచున లిప్‌స్టిక్.
కడిగాను. ఆసిరయ్య చిల్లులో పెడితే
అదీ సరిగ్గానే కూర్చుంది.

ఒకటి తగ్గింది.
"పగిలిందా బాబూ?"
"నేదమ్మా. ముసిలాయనొకడు
తాగీసి, ఎలుగుకెట్టి సూసి
జేబులో ఏసుకుని ఎల్లిపోనాడు.
ఏటనడానికి నాకు నోరు రాలేదు."

ఎవరని అడగలేదు. ఓబేదు అయ్యుండొచ్చు.
కాకపోవచ్చు.
ఒక చిల్లులోంచి గుమ్మం దగ్గరి నేల కనిపిస్తోంది.

రేపు పదకొండు మంది.
చంపావతి మీద మబ్బు పట్టింది, వాన పడితే తొమ్మిది.
ముప్పై తొమ్మిది గ్లాసులకి
నీళ్ళు వెచ్చబెట్టాలి.