మడత

వారాసిగూడ గల్లీల
జూన్ నెలంత నా మిషనుకు ఊపిరాడది.
కొత్త బట్టలకంటె పాతయే ఎక్కువొస్తయి:
"అంచు జర దించు వనజక్కా,
పిల్లగాడు తాడిలెక్క లేచిండు."

దించేముందు జేబులు తిరగేస్త.
సూదికేం అడ్డం రావొద్దని.
అంతే, ఇంకేం లేదు.

లోహిత్ ఒకటో తరగతి జేబుల
సుద్దముక్క, చింతగింజ, బిస్కట్ పొడి,
చచ్చిన ఆరుద్రపురుగు ఒకటి.
కొలత తీస్తుంటే చక్కిలిగిలని
నా టేపు పట్టుకొని గల్లీ చివర దాంక ఉరికిండు.
ఉరికినోడు తనే వచ్చి ఒళ్లె కూసున్నడు.
"నా నడుమెంత?"
"ఇరవై."
ఇరవై అంటే ఎంతో పెద్ద లెక్కనుకొని
బడంత చెప్పుకున్నడట.

తర్వాత జేబు బరువైంది.
రబ్బరుబ్యాండు చుట్టిన క్రికెట్ కార్డులు,
వేరే పిల్ల పేరు గీకున్న సగం స్కేలు.
"ఎవరిదిరా ఇది?"
"దొరికింది" అన్నడు, కన్నార్పకుండ.
కుట్టేదాన్ని,
అతుకెక్కడ పడ్డదో నాకు తెల్వదా.

ఏడుకొచ్చినంక తల్లిని మెట్టు కిందనే ఆపిండు.
"నువ్వు పో మమ్మీ, నేను చెప్పుకుంట."
ఆమె కాసేపు దారపుండలు చూసింది,
ఒక్కటి గూడ కొనకుండ పోయింది.
వీడేమో పగిలిన గొంతుతోని
"కాళ్లకాడ టైటు పెట్టు అక్కా, ప్రిన్సిపాల్‌కు కానరాకుండ."

ఆ రోజే మెహ్‌జబీన్ వచ్చింది.
నిరుడు ఇదే టేపుతో తాడాట ఆడిన పిల్ల
భుజాలు ముందుకు ముడుచుకొని
"ఆంటీ, జర ఢీలా" అన్నది చెవుల.
అంకె పైకి చదవలే, రాసుకున్న.
అప్పుడు ఊపిరి వదిలింది.

ఇయ్యాల లోహిత్ పదో తరగతి ప్యాంటు.
అంచు విప్పితే పాత మడత కాడ
ఎండ చూడని నీలం, సన్నటి గీత.
జేబుల చెయ్యి పెట్టిన.
ఏం లేదు.
పొడి గూడ లేదు.
లోపలిగుడ్డ బయటికి గుంజి, దులిపి,
మళ్ల నీటుగ నెట్టి పంపిండు.

ఎంఎంటీఎస్ పోతుంటే బల్లమీద కత్తెర అదిరింది.
వాకిట్ల నిలబడి, ఫోన్ల కండ్లు పెట్టి
"ఎంతైందండి?" అన్నడు.
పదేండ్లల్ల ఎన్నడు లేని అండి.

"ఇరవై" అన్న.
గోడమీద బోర్డుల నలభై ఉంటది.
వాడు బోర్డు చూసిండు, స్కాన్ చేసిండు.
డబ్బా అరిచింది: నలభై రూపాయలు అందినయి.
గల్లీ చివర దాంక వినబడ్డది,
ఒకప్పుడు నా టేపు ఉరికినంత దూరం.