రేవు లెక్క

టికెట్లు కోసే మా గది
ఒకప్పుడు ఓడెక్కిన ఇనుప డబ్బా.
బొంబాయి దాకా సముద్రం మీదొచ్చి
పాత ఇనుము కింద తూకానికి అమ్ముడువోయి
లారీ మీద కొల్లాపురం దాటి ఈ ఒడ్డున దిగింది.
పక్కకు వెలిసిన నీలి అక్షరాలు.
యూరప్‌ల ఏదో పడవల కంపెనీ అట,
ఫోన్ల వెతికి చెప్పిండు ఇంజన్ బాగుచేసే పిలగాడు:
'రెండు పడవలతోని మొదలువెట్టిండ్రు మణెమ్మక్కా,
ఇప్పుడు లారీల్ని మింగే ఓడలున్నయి.'

మాది ఒక్క పుట్టి.

వెదురు కుర్మయ్య తాత కొట్టుకొచ్చింది,
తోలు చచ్చిన ఎద్దుది.
ఆయనకు రాత రాదు.
గోడ మీద బొగ్గుగీతలే చిట్టా:
నిలువుగీత మనిషి, అడ్డగీత మూట,
సున్న చుడితే మేక.
ఈ ఒడ్డున హాలీ సిక్కా, ఆవలొడ్డున కల్దారు,
నడుమ నీళ్లల్ల ఏ పైసా చెల్లదని
గడ వేసుకుంట నవ్వెటోడట.
కరోడ్‌గిరి జవాను ఉప్పు మూటల్ని
పొడిచి పొడిచి చూస్తే
కారినదంత ఏరు నాకేదట.

తర్వాత రెండు పుట్లు. తర్వాత నాటుపడవ.
తర్వాత డ్యాము నీళ్లొచ్చి
ఊరిని, గోడను, గీతల్ని కలిపి తీసుకున్నయి.
బాకీలు మునిగినయని కొందరు లోపల సంబురపడ్డరు.
అమ్మ వేళ్ల మీద అప్పజెప్పింది:
సింగోటం జాతరకు దాటిన పదకొండు మేకలు,
ఆత్మకూరు సేటు ఆముదాల బస్తాలు...
ఎవరూ కాదనలే. ఎవరూ ఇయ్యలే.

ఇప్పుడు బల్లకట్టు, డీజిల్ ఇంజన్,
ట్రాక్టరుకు ఇంత బైకుకు ఇంత అని బోర్డు.
బోర్డు మీద రాయనివి రెండు:
పురిటి మనిషికి పైసల్లేవు,
పీనుగకు పైసల్లేవు.
ఒక వానకాలం ఒక్క ట్రిప్పులనే ఇద్దరూ దాటిండ్రు.
ఆ పూట ఎవరికీ టికెట్ కొయ్యలే నేను.

మొన్న వంతెన కొలతలోళ్లొచ్చిండ్రు.
ఎర్రరంగు మేకొకటి
మా డబ్బా మూలకు దిగ్గొట్టిండ్రు.
ఆవలికి దింపింది మేమే:
ఐదుగురు మనుషులు, ఒక జీపు,
మూడుకాళ్ల దుర్బిణి.
'దానికెంత తీసుకోవాలె?' అన్నడు తమ్ముడు.
మేకకు ఒక కాలు తక్కువ,
ఆ లెక్కన వెయ్యమన్న.

రాత్రి డబ్బా గోడకు, నీలి అక్షరాల కింద,
బొగ్గుతోని ఐదు నిలువుగీతలు గీసిన.
జీపుకు తాత గుర్తు వెట్టిపోలే.
బొగ్గు పట్టుకొని చానాసేపు నిలవడ్డ.
అడ్డగీత గీసి,
పక్కన సున్న చుట్టిన.