కొత్త గాటు

"ఆధార్ తెచ్చినవా?" అన్నడు రైటరు, తల ఎత్తకుండ.
దాని గురించే కద సారు వచ్చిన.
"కార్డు పోయిందా?"
కార్డు పర్సులనే ఉంది.
పోయింది నేను.

అప్పుడు తల ఎత్తిండు.

చిలకలగూడ ఠాణాల నాలుగు కుర్చీలు.
ఒకదానికి కాలు లేదు, ఇటుక పెట్టిన్రు.
దాని మీద కూసొని చెప్పిన.
పేరు అండాలు, ఇంటిపేరు బొల్లం,
సీతాఫల్‌మండిల చీరలకు ఫాల్ కుడత.
మూడు దినాలల్ల మూడు మాట్లు,
పదివేలకు కొంచెం తక్కువ, కొంచెం తక్కువ,
నా ఖాతాల పైసలు నా బొటనవేలే తీస్కున్నదట,
పేరు కూడ వినని ఊర్ల.
ఆ యాళకు నేను ఇంట్ల సూదిల దారం ఎక్కిస్తున్న.

బ్యాంకాయన ఠాణాకు పొమ్మన్నడు.
ఠాణా బ్యాంకుకు పొయ్యి కాయిదం తెమ్మన్నది.
తెస్తే ముద్ర లేదన్నది.
ముద్ర కొట్టేటాయన తార్నాకకు పొయిండు, రేపు రమ్మన్నరు.
రేపు వస్తే, "పైసలు తీసింది యాడనో, కేసు కూడ అక్కడిదే" అన్నడొకాయన.
"తీసింది యాడనైతేంది, పోయింది ఈమెవి కద"
వెనకనుంచి ఒక గొంతు.

ఎస్సై మేడం. బిళ్ళ మీద వకుళ అని ఉంది.
అన్నం డబ్బ మూత సగం తీసి ఉంది, తినలే.

రేషన్ దుకాణంల మిషను మీద నెలనెలా వేలు పెడత.
కొంగుకు తుడిచి పెడత,
నెత్తికి రుద్ది పెడత,
ఎర్ర లైటే.
ఇరవై రెండేండ్లు సూది అరగదీసిన వేలు,
దానికి నేనెవరో తెల్వది.
గసొంటి మిషనే ఎవనికో పచ్చ లైటు ఇచ్చింది.
నా వేలు నాకన్న వానికే మంచిగ పని చేసింది.

మేడం పంతొమ్మిది ముప్పైకి ఫోను కొట్టింది.
పాట వచ్చింది. పాట అయినంక మళ్ళ అదే పాట.
చెవికి, భుజానికి నడుమ ఫోను ఒత్తిపట్టి అడిగింది:
"యాడనన్న కాయిదాల మీద వేలిముద్రలు పెట్టినవా?"

పెట్టిన. కీసర దిక్కు అరవై గజాలు కొన్ననాడు,
రిజిస్ట్రేషన్ ఆఫీసుల, నల్ల సిరా.
ఆనాడు గల్లీ అంత పేడాలు పంచిన.
"దాని నకలు ఎవడో దొరకబట్టి
నీ వేలును రబ్బరుల అచ్చు పోసుకున్నడు."
నేను కొన్న జాగలకెళ్ళే
వానికి నా ఇంట్లకు తొవ్వ దొరికింది.

నా ఫోనుల ఏందో నొక్కి
"ఇగ నీ వేలుకు తాళం" అన్నది.
మరి బియ్యం? అన్న.
"ఓటీపీ వస్తది."
ఆ నంబరు మనుమరాలి దగ్గర,
మనుమరాలు కాలేజీల.

రైటరు రాసి చదివి వినిపించిండు:
"పై విలాసమందు నివసించు ఫిర్యాదిదారు అయిన నేను..."
ఆ నేను ఎవరో బాగ చదువుకున్నది.
మళ్ళ ఇంకొకరు నా పేరు మీద మాట్లాడుతున్నరు,
గని ఈసారి నా దిక్కు.

సంతకం పెట్టిన. వేలు కూడ వెయ్యమన్నరు.
సిరా డబ్బి చూసి చెయ్యి ఆగింది,
మళ్ళ ఇస్తున్న కద ఎవరికో.
వేసిన.

మేడం కాయిదాన్ని కిటికీ దిక్కు తిప్పింది.
నల్ల గీతల నడుమ అడ్డంగ తెల్లటి గీత.
"ఇదెప్పటిది?"
పోయిన శ్రావణంది. పెండ్లి చీరలు, కరెంటు లేదు, కత్తెర జారింది.
గాంధీ దవాఖానల మూడు కుట్లు.
"జాగ కొన్ననాడు?"
అది ఏడేండ్ల కింద. అప్పుడు యాడిది?

ఆమె ఏం మాట్లాడలే.
అంచుల ఎర్రపెన్నుతో రెండు ముక్కలు రాసుకున్నది.
వాని దగ్గరున్న వేలుకు
ఈ గాటు లేదు.

నెల దాటింది. ఒక పొడుగు నంబరు ఇచ్చిన్రు,
క్యాలెండరు మీద రాసిపెట్టిన.
నిన్న కానిస్టేబులు మేడం చీర తెచ్చిండు, ఫాల్ కుట్టమని.
ఏమన్న తెలిసిందా అన్న. "నడుస్తున్నదమ్మా" అన్నడు.
ముప్పై రూపాయలు ఇయ్యబోతే వద్దన్న,
మళ్ళ ఏమనుకున్ననో, తీస్కున్న.

చీర నెమలికంఠం రంగు.
ఇంట్లున్న దారం కలుస్తలేదు,
మోండా మార్కెట్ దాక పొయ్యి రావాలె.